టెక్సాస్‌లో కారు ఇన్సూరెన్స్: ఆ మూడు అంకెలు ఎంతవరకు కాపాడతాయి?

(డాలస్ ప్రాంతానికి కొత్తగా వచ్చిన తెలుగు విద్యార్థులు, కుటుంబాల కోసం ఏర్పాటు చేసిన సభలో, ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ విభాగంలో పనిచేసిన ఒకరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు ఒక పని చేద్దాం. ఫోన్లు తీసి మీ ఇన్సూరెన్స్ యాప్ తెరవండి. పోలీసులకు చూపించే ఐడీ కార్డు కాదు, డిక్లరేషన్స్ పేజీ అని ఇంకొకటి ఉంటుంది. మేము డెక్ పేజీ అంటాం. అది తెరిచి పక్కన పెట్టుకోండి. నేను చెప్పేదంతా ఆ ఒక్క పేజీ గురించే.

ఆ పేజీలో పైన "బాడిలీ ఇంజురీ" అని, దాని కింద "ప్రాపర్టీ డ్యామేజ్" అని ఉంటుంది. వాటి ఎదురుగా ఉన్న అంకెలు చూడండి. ఎంతమందికి 30,000, 60,000, 25,000 అని ఉంది? చేతులు ఎత్తండి. చూశారా, సగం హాలు పైనే. ఈ మూడు అంకెలనే 30/60/25 అంటారు. టెక్సాస్ చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి కారుకూ కనీసం ఇంత ఉండాలి. 2011 జనవరి నుంచి ఇవే అంకెలు. అప్పటి నుంచి ఆసుపత్రి బిల్లులు పెరిగాయి, కార్ల ధరలు పెరిగాయి, ఈ అంకెలు మాత్రం పెరగలేదు.

వీటి అర్థం చెప్తాను. మీ తప్పు వల్ల ప్రమాదం జరిగితే, గాయపడిన ఒక్కో మనిషికీ మీ కంపెనీ ఇచ్చేది గరిష్ఠంగా 30,000 డాలర్లు. ఎంతమంది గాయపడినా ఆ ప్రమాదం మొత్తానికి 60,000. అవతలివాళ్ళ కారు గానీ, గోడ గానీ, ఏదైనా ఆస్తి పాడైతే 25,000. అక్కడితో కంపెనీ బాధ్యత తీరిపోతుంది. ఆ పైన ఎంత తేలినా అది మీ మీదే పడుతుంది.

మన దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో "థర్డ్ పార్టీ ఉంది కదా, చాలు" అనుకుని ఏళ్ల తరబడి కారు నడిపాం. అక్కడ ఆ మాటలో నిజం ఉంది. ఇండియాలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, మనిషి చనిపోయినా గాయపడినా ట్రిబ్యునల్ ఎంత పరిహారం ఖరారు చేస్తే అంతా కంపెనీ కట్టాలి. దానికి పాలసీలో పైపరిమితి ఉండదు. ఆస్తి నష్టానికి మాత్రమే కార్లకు ఏడున్నర లక్షల పరిమితి. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చి, "స్టేట్ మినిమం తీసుకున్నాం, చట్టం అడిగింది అంతే కదా" అని ధైర్యంగా ఉంటారు. ఇక్కడ మనిషి ప్రాణానికీ ఒళ్ళుకూ కూడా పరిమితి ఉంది. అది కూడా చాలా చిన్న పరిమితి.

ఎంత చిన్నదో లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణకు చెప్పే లెక్క, కానీ ఇలాంటి ఫైళ్ళు నా టేబుల్ మీదకు వస్తూనే ఉండేవి. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్నారు. 635 హైవే మీద ట్రాఫిక్ ఒక్కసారిగా ఆగింది. మీరు ముందున్న పికప్ ట్రక్కును గుద్దారు. అందులో ముగ్గురున్నారు. ఒకరికి మెడ దగ్గర సర్జరీ కావాల్సి వచ్చి 70,000 అయింది. ఇంకొకరికి 20,000, మూడో మనిషికి 5,000. ట్రక్కు టోటల్ లాస్, అంటే బాగు చేయించినా లాభం లేనంతగా పాడైంది, దాని విలువ 48,000. మీ పాలసీ 30/60/25. మొదటి మనిషికి 30,000 ఇస్తారు, మిగతా ఇద్దరికీ పూర్తిగా ఇస్తారు. ట్రక్కుకు 25,000 ఇస్తారు. మిగిలింది ఎంత? మొదటి మనిషికి 40,000, ట్రక్కుకు 23,000. మొత్తం 63,000 డాలర్లు. ఒక్కొక్కరికి 30,000 అన్న గీత ముందే అడ్డం పడింది కాబట్టి, 60,000 పూర్తిగా ఖర్చు కూడా కాలేదు, గమనించారా? ఈ 63,000 కోసం మీ మీద కేసు వేయొచ్చు. మామూలు బాకీలకు టెక్సాస్‌లో జీతం జప్తు చేయనివ్వరు, అది నిజమే. కానీ ఆ జీతం బ్యాంకు ఖాతాలో పడ్డాక ఆ డబ్బుకు ఆ రక్షణ ఉండదు. కోర్టు తీర్పు ప్రకారం కట్టకపోతే డ్రైవింగ్ లైసెన్స్ సస్పెండ్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. ఇండియాలో ఇల్లు కొందామని దాచుకున్న డబ్బు, చదువు లోన్ కట్టడానికి పెట్టుకున్న డబ్బు, అన్నీ అందులోకే పోతాయి. గాయపడినవాళ్ళను హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆ ఒక్క బిల్లే 30,000 దాటిన సందర్భాలు ఉన్నాయి.

కాబట్టి నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది ఒకటే. స్టేట్ మినిమం అనేది రోడ్డెక్కడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. మీ కుటుంబానికి ఎంత రక్షణ కావాలో ప్రభుత్వం లెక్క వేసి పెట్టిన అంకె కాదది. ఉద్యోగం చేస్తున్నవాళ్ళు కనీసం 100/300/100 తీసుకోండి. ప్రీమియం మూడింతలు అవుతుందని భయపడతారు, అలా కాదు. మొదటి 30,000 కవరేజీకే కంపెనీ ఎక్కువ వసూలు చేస్తుంది, ఆ పైన పెంచే కొద్దీ చేరే ఖర్చు తగ్గుతూ వస్తుంది. ఈ రాత్రే యాప్‌లో అంకెలు మార్చి చూడండి, మీకే తెలుస్తుంది. ఇల్లు, పొదుపు ఉన్నవాళ్ళు అంబ్రెల్లా పాలసీ గురించి అడగండి. అది సాధారణంగా పది లక్షల డాలర్ల నుంచి మొదలవుతుంది, కారు పాలసీ పరిమితి అయిపోయాక అందుకుంటుంది. దానికోసం ముందు కారు లిమిట్స్ 250/500 దాకా పెంచమని చాలా కంపెనీలు అడుగుతాయి.

ఇక చట్టం తప్పనిసరి చేయని కవరేజీలు. "ఆప్షనల్" అనగానే మనవాళ్ళ వేలు "నో" మీదకు పోతుంది. అన్నింటికీ అలా పోకూడదు.

రెండింటిని టెక్సాస్ చట్టం ప్రత్యేకంగా చూస్తుంది. ఒకటి పీఐపీ, పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్. రెండోది అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ. పొట్టిగా యూఎం అందాం. ఈ రెండూ ప్రతి పాలసీతోనూ కంపెనీ మీకు ఇచ్చి తీరాలి. వద్దనుకుంటే మీరే రాతపూర్వకంగా వద్దని సంతకం చేయాలి. సంతకం లేకపోతే ఆ కవరేజీ పాలసీలో ఉన్నట్టే లెక్క. చట్టసభ అంత పట్టుదలగా రాసిందంటే అవి ఎంత అవసరమో ఆలోచించండి. కానీ వాస్తవంలో ఏం జరుగుతోంది? ఆన్‌లైన్‌లో పాలసీ కొంటున్నారు. చివర్లో ఈ-సైన్ స్క్రీన్లు వరుసగా వస్తాయి. "చవగ్గా కావాలి" అన్నారు కాబట్టి ఆ రెండు కవరేజీలూ ముందే తీసేసి ఉంటాయి. "నెక్స్ట్, నెక్స్ట్, సైన్" అని నొక్కుకుంటూ పోతారు. ఆ నొక్కిన వాటిలో ఒకటి "నాకు పీఐపీ వద్దు", ఇంకొకటి "నాకు యూఎం వద్దు". రెండేళ్ల తర్వాత ప్రమాదం జరిగి ఫోన్ చేస్తే, "సార్, మీరు సంతకం పెట్టి వద్దన్నారు" అని కంపెనీ ఆ కాగితం చూపిస్తుంది. ఆ కాగితం చూపించినప్పుడు అవతలి మనిషి మొహం ఎలా మారిపోతుందో నాకు బాగా తెలుసు. ఆ కుటుంబాల బాధ చూసే ఇలా ఊరూరా మాట్లాడటం మొదలుపెట్టాను.

పీఐపీ గురించి చెప్తాను. తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా మీకు, మీ ఇంట్లోవాళ్ళకు, మీ కారులో కూర్చున్నవాళ్ళకు వైద్య ఖర్చులు ఇస్తుంది. పని మానేయాల్సి వస్తే, పోయిన ఆదాయంలో 80 శాతం దాకా ఇస్తుంది. కనీసం 2,500 డాలర్లతో మొదలు, ఇంకా ఎక్కువ కూడా తీసుకోవచ్చు. కాంట్రాక్టు మీద పనిచేసే పిల్లలకు పెయిడ్ లీవ్ ఉండదు కదా, రెండు వారాలు పడుకుంటే రెండు వారాల డబ్బు పోయినట్టే. వాళ్ళు దీన్ని అస్సలు వదలొద్దు. మెడికల్ పేమెంట్స్ అని ఇంకొకటి ఉంటుంది, అది వైద్య ఖర్చులే ఇస్తుంది, ఆదాయం సంగతి చూడదు.

యూఎం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. చట్టం ఉన్నా, టెక్సాస్ రోడ్ల మీద ఇన్సూరెన్స్ లేకుండా తిరిగే కార్లు లక్షల్లో ఉన్నాయి. ఉన్నవాళ్ళలోనూ మీలాగే 30/60/25 పెట్టుకున్నవాళ్ళు ఎందరో. మిమ్మల్ని గుద్దినవాడికి పాలసీ లేకపోతే యూఎం ఇస్తుంది. వాడి 30,000 మీ బిల్లుకు చాలకపోతే, మిగిలినదాంట్లో మీ లిమిట్ మేరకు అదే ఇస్తుంది. అంటే ఇందాక లెక్కలో మీరు గుద్దిన మనిషి స్థానంలో మీరే ఉంటే, మిమ్మల్ని ఆదుకునేది మీ సొంత పాలసీలోని ఈ లైనే. మీరు కారులో లేకుండా రోడ్డు దాటుతుండగా కారు గుద్దినా ఇది పనికొస్తుంది. గుద్ది పారిపోయినవాడి విషయంలోనూ పనికొస్తుంది, అయితే ఒక షరతు ఉంది. టెక్సాస్‌లో, పారిపోయిన బండి మీకో మీ కారుకో తగిలి ఉండాలి. ఎవడో అడ్డంగా దూరితే మీరు తప్పించబోయి డివైడర్‌ను గుద్దారు, వాడు తగలకుండా వెళ్ళిపోయాడు అనుకోండి, యూఎం రాదు. అప్పుడు కొలిజన్ అనే కవరేజీ ఉంటే (దాని సంగతి తర్వాత చెప్తాను) కారు బాగవుతుంది, పీఐపీ ఉంటే ఒళ్ళు బాగవుతుంది.

ఇంకో సంగతి, ఇది చాలామంది పాత కాపులకు కూడా తెలియదు. మీరు 250/500 లిమిట్ తీసుకున్నారు. మీరే నడుపుతూ, మీ తప్పు వల్లే మీ భార్యకో పిల్లలకో దెబ్బలు తగిలాయి. టెక్సాస్‌లో చాలా పాలసీల్లో, సొంత కుటుంబ సభ్యుల గాయాలకు లయబిలిటీ కింద, అంటే మీ తప్పుకు కంపెనీ ఇచ్చే ఆ మూడు అంకెల కవరేజీ కింద, ఇచ్చేది స్టేట్ మినిమం దాకానే అన్న నిబంధన ఉంటుంది. 1993లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ నిబంధన మినిమం దాకా చెల్లదని, ఆ పైన చెల్లుతుందని చెప్పింది. అందుకని మనవాళ్ళ కోసం ఉన్నవి పీఐపీ, ఆరోగ్య ఇన్సూరెన్స్ అని గుర్తుంచుకుని, పాలసీలో "ఫ్యామిలీ మెంబర్" అన్న మాట ఎక్కడెక్కడ వస్తుందో ఒకసారి చదవండి.

ఇప్పుడు "ఫుల్ కవరేజీ". ఈ మాట మీ డెక్ పేజీలో ఎక్కడా కనబడదు, వెతకండి. లయబిలిటీకి కొలిజన్, కాంప్రెహెన్సివ్ కలిపితే వాడుకలో అలా అంటారు, అంతే. "నాకు ఫుల్ కవరేజీ ఉంది" అని నిశ్చింతగా చెప్పినవాళ్ళ పేజీ తెరిస్తే లయబిలిటీ 30/60/25 ఉంటుంది, పీఐపీ ఉండదు, యూఎం ఉండదు. మీ కారుకు పూర్తి రక్షణ ఉంది, మీకు లేదు.

కొలిజన్ అంటే మీ కారు దేన్నయినా గుద్దితే, తప్పు మీదైనా సరే, డిడక్టిబుల్ (మీరు జేబులోంచి కట్టాల్సిన వాటా) పోను మీ కారు బాగు చేయించేది. కాంప్రెహెన్సివ్ అంటే గుద్దుకోవడం కాని మిగతావి: దొంగతనం, మంట, వరద, వడగళ్ళు, చెట్టు కూలడం. డాలస్ చుట్టుపక్కల మార్చి నుంచి జూన్ దాకా వడగళ్ళ కాలం. గోల్ఫ్ బంతులంత వడగళ్ళు పడి పార్కింగ్ లాట్‌లో కార్లన్నీ సొట్టలు పడటం మీరే చూసి ఉంటారు. అపార్ట్‌మెంట్లో కవర్డ్ పార్కింగ్ లేనివాళ్ళకు ఇది అవసరం. హ్యూస్టన్ వైపు వరద సంగతి చెప్పక్కర్లేదు, 2017లో హార్వీ తుఫాను అప్పుడు నీట మునిగిన కార్లకు డబ్బు ఇచ్చింది ఈ కవరేజీయే. తుఫాను గల్ఫ్‌లోకి వచ్చాక కొందామంటే మాత్రం కొత్త పాలసీలు ఆపేస్తారు.

జింక అడ్డం వస్తే? ఆస్టిన్, శాన్ ఆంటోనియో వైపు వీకెండ్‌లో వెళ్ళేవాళ్ళు వినండి. జింకను గుద్దితే కాంప్రెహెన్సివ్. జింకను తప్పించబోయి చెట్టును గుద్దితే కొలిజన్. కొలిజన్ క్లెయిమ్ మీ తప్పు కింద లెక్క పడి ప్రీమియం పెరగొచ్చు. అన్నింటికన్నా ముఖ్యంగా, అంత వేగంలో స్టీరింగ్ తిప్పితే కారు బోల్తా పడుతుంది. లేన్‌లోనే ఉండి గట్టిగా బ్రేక్ వేయండి.

లోన్ మీద గానీ లీజు మీద గానీ కారు తీసుకుంటే, బ్యాంకు ఈ రెండూ తప్పనిసరి చేస్తుంది. దాంతో పాటు గ్యాప్ గురించి అడగండి. కొత్త కారు టోటల్ అయితే కంపెనీ ఇచ్చేది ఆ రోజు మార్కెట్ విలువ. మీ లోన్ బాకీ అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ తేడా గ్యాప్ ఇస్తుంది. డౌన్ పేమెంట్ తక్కువ కట్టి కొన్నవాళ్ళకు మొదటి రెండు మూడేళ్ళు ఉండాలి. డీలర్ దగ్గరే కొనాలని లేదు, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగితే చాలాసార్లు చవగ్గా వస్తుంది. టోయింగ్, రెంటల్ కారు లాంటివి మీ వీలును బట్టి.

ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే ఏమవుతుందో క్లుప్తంగా చెప్తాను. మొదటిసారి జరిమానా 175 నుంచి 350 డాలర్లు, మళ్ళీ దొరికితే 350 నుంచి 1,000 దాకా, లైసెన్స్ సస్పెన్షన్ కూడా. టెక్సాస్‌ష్యూర్ అనే డేటాబేస్‌లో నంబరు ప్లేటు కొట్టగానే పోలీసులకు తెలిసిపోతుంది. 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ, రిజిస్ట్రేషన్‌కు ఇన్సూరెన్స్ రుజువు ఇప్పటికీ కావాలి.

వేరే రాష్ట్రం వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. ప్రాజెక్టు మారితే రాష్ట్రం మారుతుంది, చట్టమూ మారుతుంది. కాలిఫోర్నియాలో ఎన్నో దశాబ్దాలు 15/30/5 ఉండేది, 2025 జనవరి 1 నుంచి 30/60/15 చేశారు. వర్జీనియాలో అదే రోజు నుంచి 50/100/25. ఫ్లోరిడాలో పద్ధతే వేరు: 10,000 పీఐపీ, 10,000 ప్రాపర్టీ డ్యామేజ్ ఉంటే మామూలుగా రిజిస్ట్రేషన్ అవుతుంది, అవతలి మనిషి గాయాలకు కవరేజీ తప్పనిసరి కాదు. అలాంటి చోట మీ యూఎం విలువ ఇంకా పెరుగుతుంది. న్యూ హాంప్‌షైర్‌లో అసలు కొనమనే చట్టమే లేదు, ప్రమాదం చేస్తే మాత్రం కట్టాల్సిందే. టెక్సాస్‌కు మకాం మార్చినవాళ్ళు 30 రోజుల్లో కారు రిజిస్ట్రేషన్, 90 రోజుల్లో లైసెన్స్ మార్చుకోవాలి. పాలసీ అడ్రస్ వెంటనే మార్చండి. న్యూజెర్సీ అడ్రస్ మీద చవగ్గా ఉందని అలాగే ఉంచేస్తే క్లెయిమ్ అప్పుడు చిక్కు వస్తుంది.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇక మీరు అడగండి.

(సభలోంచి ఒక విద్యార్థి: సార్, మేము నలుగురం ఒకే అపార్ట్‌మెంట్. కారు ఒకడిది, అందరం నడుపుతాం. పాలసీ వాడి పేరు మీదే ఉంది.)

బాబూ, ఇది వెంటనే సరిచేసుకోవాలి. ఎప్పుడో ఒకసారి కారు అరువిస్తే సాధారణంగా ఆ కారు పాలసీయే వర్తిస్తుంది. ఒకే ఇంట్లో ఉండి రోజూ నడిపేవాళ్ళను మాత్రం కంపెనీకి చెప్పాలి. చెప్పకపోతే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఇచ్చినట్టే. పాలసీలో "ఎక్స్‌క్లూడెడ్ డ్రైవర్" అని ఎవరి పేరైనా ఉంటే, ఆ మనిషి స్టీరింగ్ ముట్టుకోకూడదు. కారు లేకుండా అప్పుడప్పుడు నడిపేవాళ్ళకు నాన్-ఓనర్ పాలసీ అని ఉంటుంది, అయితే ఒకే ఇంట్లో ఉన్న కారుకు చాలాసార్లు అది వర్తించదు, అడిగి తీసుకోండి. ఆ కారు మీద డబ్బుకు డెలివరీలు చేస్తే మామూలు పాలసీ పనిచేయదు. అది వీసా పరంగా కూడా మీకు ప్రమాదం.

(ఒక మహిళ: మా కారు పాతది అండీ, నాలుగు వేలు కూడా చేయదు. ఫుల్ కవరేజీ తీసేయమంటారా?)

తీసేయాల్సింది ఏదో చూసుకుని తీసేయండమ్మా. కొలిజన్‌కు ఏడాదికి ఎంత కడుతున్నారో, దానికి డిడక్టిబుల్ కలిపి చూడండి. కారు విలువలో పెద్ద భాగం అక్కడికే అయిపోతుంటే కొలిజన్ తీసేయండి. మిగిలిన డబ్బుతో లయబిలిటీ, యూఎం పెంచండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు, పాత కారుకు కొలిజన్ ఉంచి లయబిలిటీ తగ్గిస్తారు. కారు పోతే నాలుగు వేలే పోతాయి. అవతలి మనిషికి దెబ్బ తగిలితే ఎంత పోతుందో ఇందాక లెక్క చూశాం.

(ఒక పెద్దాయన: అబ్బాయి, కోడలు రెండు నెలలు ఇండియా వెళ్తున్నారు. కారు కదలదు కదా, పాలసీ క్యాన్సిల్ చేద్దామంటున్నాడు.)

వద్దని చెప్పండి పెద్దాయనా. క్యాన్సిల్ చేస్తే కవరేజీకి మధ్యలో ఖాళీ పడుతుంది, తిరిగొచ్చి కొత్త పాలసీ అడిగితే దాన్ని చూసి ప్రీమియం పెంచుతారు. లోన్ ఉంటే బ్యాంకు తనకు నచ్చిన ఇన్సూరెన్స్ తీసుకుని ఆ ఖర్చు మీ అబ్బాయి మీదే వేస్తుంది. కారు ఆగి ఉన్నా వడగళ్ళు పడతాయి, దొంగలూ వస్తారు. కారు నడపడం లేదని కంపెనీకి ముందే చెప్పి, ఆ రెండు నెలలకు ఏమైనా తగ్గిస్తారా అని అడగమనండి. ఏం ఒప్పుకున్నారో ఈమెయిల్‌లో తీసుకోమనండి. ఇంకోటి, ఆ రెండు నెలల్లో రెన్యువల్ తేదీ పడుతుందేమో చూసుకోమనండి. ఇండియాలో ఉండగా ఇక్కడి కార్డు మీద ఆటోపే ఫెయిలైతే, క్యాన్సిల్ చేయకుండానే పాలసీ క్యాన్సిల్ అవుతుంది.